రామాంజులు శెట్టి పీసు కమిటీ

ప్రొద్దుటూరులో రామాంజులు శెట్టికి గుడ్డల అంగడి ఉండేది. అంగడి మంచిదే, బేరం మంచిదే, మనిషీ మంచివాడే. ఆయనకున్న బాధల్లా ఒకటే. ఎదురుగా ఇంకో గుడ్డల అంగడి ఉంది. అది గురుప్రసాద్‌ది.

గుడ్డకు కంట్రోలు ఉన్న కాలంలో గురుప్రసాద్ పీస్‌గూడ్స్ కమిటీలో మెంబరుగా ఉన్నాడు. పీస్‌గూడ్స్ అంటే మరేం కాదు, తానుల్లోంచి ముక్కలుగా కోసి అమ్మే గుడ్డ. ఏ ఊరికి ఎన్ని తానులు పోవాలో, ఎవరికి మల్లు పంచె దొరకాలో, ఎవరు ముతక గుడ్డతో సర్దుకోవాలో ఆ కమిటీ చెప్పేది. ఆ కాలమంతా గురుప్రసాద్ నడకే వేరుగా ఉండేది. పెళ్ళి పిలుపులు ముందు ఆయనకే వెళ్ళేవి. తాలూకా కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. రామాంజులు శెట్టి గోడ పక్కన నిలబడేవాడు. కంట్రోలు ఎత్తేసినా ఆ కుర్చీ మాత్రం శెట్టి కళ్ళల్లోంచి పోలేదు. కుర్చీదేముంది, నాలుగు చెక్కలేగా అని మనం సులభంగా అనేయవచ్చు. మనల్ని గోడ పక్కన నిలబెట్టలేదు కాబట్టి అంటాం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎండలు ముదిరిన ఒక పొద్దున జమ్మలమడుగు సబ్ కలెక్టరు ఆఫీసు బంట్రోతు మౌలాలి, భుజాన వేసుకున్న డవాలీ పట్టీ సర్దుకుంటూ శెట్టి అంగడి మెట్లెక్కాడు.

"శెట్టీ, నీకు కాగితం వచ్చిండాది. దొర నిన్ను పీస్ కమిటీలో మెంబరుగా ఏసినాడు. బేస్తవారం జమ్మలమడుగు రావల్లంట."

శెట్టి చేతిలోని గజంబద్ద జారి కింద పడింది. "ఏం కమిటీ?"

"పీస్ కమిటీ అప్పా."

"మళ్ళా కంట్రోలు వస్తాందా?"

"కంట్రోలు చెయ్యాలనే గదా కమిటీ ఏసింది! శానా మితిమీరినారు, అదుపులో పెట్టాల అంటాండాడు దొర."

శెట్టి గొంతు తగ్గించి, ఎదుటి అంగడి వైపు కన్ను తిప్పాడు. "ఆయప్ప ఉండాడా దాంట్లో?"

"లేడు. నువ్వు రానంటే ఆయప్ప పేరు రాస్తారంట."

"రాననేదేంది! వస్తా. వస్తానని చెప్పు." శెట్టి మౌలాలికి సోడా తెప్పించాడు. అది తాగేలోపలే ఇంకోటి తెప్పించాడు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. శెట్టికి ఇంగ్లీషు సంతకం వరకే తెలుసు. అదృష్టమో దురదృష్టమో, అప్పుడే హైస్కూలులో ఇంగ్లీషు చెప్పే రామచంద్రయ్య మాస్టరు పంచెల జత కోసం వచ్చాడు. కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖంలో మర్యాద పెరిగింది.

"శెట్టీ, ఇది చిన్న గౌరవం కాదు. పీస్ కమిటీ!"

"తెలుసు సామీ."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు వాడికి పీస్ అనే పలుకు ఒకటే గానీ మాటలు రెండు. ఒక పీస్ అంటే ముక్క. ఇంకో పీస్ అంటే శాంతి. రాసేటప్పుడు వేరువేరుగా రాస్తాడు, పలికేటప్పుడు మాత్రం రెంటికీ ఒకటే నోరు. మనకు చెవిన పడిందే రాత, రాసిందే పలుకు. ఆ ధీమాతోనే మాస్టరు ఒక పీసు గురించి, శెట్టి ఇంకో పీసు గురించి హాయిగా మాట్లాడుకున్నారు.

"పులివెందల దగ్గర గుట్టకిందపల్లె వ్యవహారమట. ఆ ఊళ్ళో కోతలు ఎక్కువని విన్నాను," అన్నాడు మాస్టరు.

"కోతలు మనకు కొత్తా సామీ? మా తాత కాలం నుంచి కోస్తాండాము."

మాస్టరు కళ్ళజోడు తీసేశాడు. "మీ తాతగారు కూడానా?"

"మా తాత ఒక్క ఏటుకు నాలుగు మడతలు కోసేటోడు. మా నాయనకు చెయ్యి వణుకు. ఆయప్ప రెండుతోనే ఆపేసె."

మాస్టరు ఒక అడుగు వెనక్కి జరిగాడు. అయినా ఉపాధ్యాయుడు కదా, సలహా ఇవ్వకుండా పోలేడు. "రెండు పక్కలనూ సమానంగా చూడాలి శెట్టీ. కొంచెం అటూ ఇటూ అయినా ముప్పే."

"గజంబద్ద పెట్టే ఇస్తా సామీ. అటూ కాదు, ఇటూ కాదు."

"తెగేదాకా లాగకూడదు."

"తెగేదాకా యాడ లాగుతాం? గట్టిదో కాదో కొంచెం లాగి చూస్తాం, అంతే."

"నీకు భయం లేదా?"

"దీంట్లో భయమేముంది సామీ! చినిగితే చినిగె. చినిగింది ఇంకోడికి అంటగడతాం."

మాస్టరు పంచెలు మరిచిపోయి వెళ్ళిపోయాడు. శెట్టిని ఇన్నాళ్ళూ ఉత్త గుడ్డల వ్యాపారి అనుకుని పొరపాటు పడ్డామని బడిలో అందరికీ చెప్పాడు.

బేస్తవారం తెల్లవారేసరికి శెట్టి భార్య కామాక్షమ్మ చిత్రాన్నం మూటగట్టి ఇచ్చింది. మొగుడు కుర్చీలో కూర్చుంటాడన్న సంతోషం ఆమెకూ ఉంది. శెట్టి తన మూట తాను కట్టుకున్నాడు. మల్లు, పాప్లిన్, చీటీగుడ్డ, రవికె ముక్కలు, అన్నీ మచ్చుకు ఒక్కొక్కటి. గజంబద్ద. తాతనాటి కత్తెర. దాని ఒక్కో రెక్క మోచెయ్యంత పొడవు ఉండేది. వీటన్నిటి అడుగున సబ్ కలెక్టరు భార్య కోసం జోడు చీరలు. పసుపుపచ్చ పట్టుకు ఎర్రంచు. ఒకే తానుగా నేసి మగ్గం దించినవి, ఇంకా విడదీయనివి. రెండు చీరల నడుమ అడ్డపోగు లేకుండా జానెడు నిలువుపోగులు మాత్రం ఉంటాయి, అక్కడ కోస్తే ఒకటి రెండవుతుంది. కొనేవాళ్ళ కళ్ళముందే కోసి ఇవ్వడం ఆ అంగడి మర్యాద. ఒకటి దొరసానికి, రెండోది ఎవరి చేతిలో పెట్టాలో అక్కడికి పోయాక చూసుకోవచ్చని శెట్టి లెక్క.

జమ్మలమడుగు కచేరీలో నిజంగానే కుర్చీ వేశారు. చేతులున్న కుర్చీ. శెట్టి ఉత్తరీయంతో ఒకసారి దులిపి, కూర్చుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించాడు. గురుప్రసాద్ ఇక్కడుండి చూస్తే ఎంత బాగుండునని అనిపించింది. మిగతా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

సబ్ కలెక్టరు గోదావరి వైపు కుర్రాడు. లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మీరొక్కరే వచ్చారండీ శెట్టిగారూ! ప్లీడరుగారికి జ్వరమట. డాక్టరుగారింట్లో పెళ్ళట. అందరికీ ఇవాళే పనులు పడ్డాయండీ."

"దుడ్లున్నోళ్ళకు పనులుంటాయి దొరా. కంట్రోలు ఎప్పట్నుంచి?"

"మన కంట్రోలులో ఏముందండీ! పోయినేడు జాతరలో ఎన్ని తలకాయలు పగిలాయో తెలుసా?"

శెట్టి ఉలిక్కిపడ్డాడు. "తలకాయలా? గుడ్డకోసమా?"

"గుడ్డకోసమేనండీ! అమ్మవారికి ముందు ఎవరి చీర కట్టాలని. తూర్పింటి ఓబన్న మాది ముందంటాడు, పడమటింటి చౌడప్ప మాది ముందంటాడు. ఈసారి నాటుబాంబులు కూడా చుట్టి పెట్టుకున్నారని పోలీసు రిపోర్టు. రేపే జాతర. రెండిళ్ళవాళ్ళూ పెళ్ళిబట్టలు మీ అంగట్లోనే కొంటారట కదా, మీ మాట ఇద్దరూ వింటారని మీ పేరు వేశానండీ. మీరు ఇద్దరి మధ్యా నిలబడి సర్దిచెప్పాలి. శాంతి కమిటీ అన్నాక అంతేగా మరి."

"ఏం కమిటీ అంటిరి దొరా?"

"శాంతి కమిటీ. పీస్ కమిటీ."

శెట్టి కింద కుర్చీ ఉన్నట్టుండి గట్టిపడింది. నీళ్ళు తాగొస్తానని బయటికి వచ్చి, వసారాలో మౌలాలి భుజం పట్టుకున్నాడు. "ఒరే, పీస్ అంటే శాంతా?"

"మరేందనుకుంటివప్పా?"

"గుడ్డ అనుకుంటిరా! ప్రొద్దుటూరుకు బస్సు ఎప్పుడుండాది?"

"ఇదో, ఆడ నిలబడిండాది. పోతే పో. పోతా పోతా గురుప్రసాద్‌కు నువ్వే చెప్పు, నీ పేరు కొట్టేసి ఆయప్ప పేరు రాసినారని."

బస్సు ఇంజను ఆడుతూనే ఉంది. కండక్టరు ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు అని అరుస్తున్నాడు. రామాంజులు శెట్టికి నిజంగా భయం వేసింది. కామాక్షమ్మ గుర్తుకొచ్చింది. బాంబు అంటే ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు. కానీ ఊళ్ళో ఎంతమందికి చెప్పుకొని వచ్చాడు! గుడ్డనుకుని పోయి బాంబని తిరిగొచ్చాడట అని ఎదురంగట్లో రోజూ నవ్వుకుంటుంటే వినడమా? పైగా లోపల ఆ కుర్రాడు ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే కూర్చున్నాడు. శెట్టికి గురుప్రసాద్ మీద కోపం, ఆ కుర్రాడి మీద జాలి, తన మీద ఏడుపు కలిసి వచ్చాయి. బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

మరునాడు దొర జీపులో ముద్దనూరు మీదుగా పులివెందల, అక్కణ్ణించి బండ్లబాటలో గుట్టకిందపల్లె. దారి పొడుగునా శెట్టి మూటను ఒళ్ళో పెట్టుకుని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పెద్దమ్మ గుడి ముందు ఒక పక్క తూర్పింటివాళ్ళు, ఇంకో పక్క పడమటింటివాళ్ళు నిలబడి ఉన్నారు. సబ్ ఇన్‌స్పెక్టరు ముందే హుకుం వేశాడు. గుడి ఆవరణలోకి ఎవరూ ఆయుధం తేకూడదు, అన్నీ గేటు దగ్గరే పడేయాలి. కొడవళ్ళు, గొడ్డళ్ళు, ఇనుప పొన్నుల కట్టెలు కుప్పపడ్డాయి. కానిస్టేబులు అందరినీ తడిమినట్టే శెట్టి మూటనూ తడిమి, లోపల చెయ్యిపెట్టి తాతనాటి కత్తెర బయటికి లాగాడు. ఎండకు అది తళుక్కుమంది.

"ఇదేంది శెట్టీ?"

"కత్తెరప్పా. కోసేదానికి."

చౌడప్ప మనుషులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఓబన్న మనుషులు కొంచెం వెనక్కి తగ్గారు. శాంతి చెప్పే మనిషే ఇంత ఆయుధం తెచ్చుకున్నాడంటే తక్కువవాడు కాదని రెండు పక్కలవాళ్ళకూ ఒకే అభిప్రాయం కలిగింది. ఆ ఊళ్ళో చాలాకాలం తర్వాత అందరూ ఏకమైన సంగతి అదే. కానిస్టేబులు కత్తెరను కుప్ప మీద పెట్టాడు. గజంబద్దనూ వదల్లేదు.

మాటలు మొదలయ్యాయి. "మా తాతల కాడ్నుంచి మా చీరే ముందు," అన్నాడు చౌడప్ప. "మీ తాతకు పంచెకే దిక్కులేదు, చీర యాడిది?" అన్నాడు ఓబన్న. మాట మాట పెరిగింది. సబ్ కలెక్టరు శెట్టి వైపు తిరిగి, "మీరు చెప్పండి శెట్టిగారూ," అన్నాడు.

భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. శెట్టి చేతులు వాటంతట అవే మూట విప్పాయి. పుట్టినప్పటి నుంచి ఆ చేతులకు తెలిసిన పని అది ఒక్కటే. మల్లు పరిచాడు, పాప్లిన్ పరిచాడు, రవికె ముక్కలు పరిచాడు. రెండు పక్కల ఆడవాళ్ళూ మెల్లగా ముందుకు జరిగారు. గుడ్డ పరిచాక చూడకుండా పోయే ఆడమనిషి గుట్టకిందపల్లెలోనే కాదు, ఎక్కడా లేదు. చివరికి పసుపుపచ్చ జోడు చీరలు విప్పేసరికి గుడి ముందు గొడవ కూడా కొంచెం ఆగింది.

చౌడప్ప భార్య పెంచలమ్మ ఒక కొస పట్టుకుంది. ఓబన్న తల్లి శివమ్మ ఇంకో కొస పట్టుకుంది.

"ఇది మా పక్క నుంచి అమ్మోరికి," అంది పెంచలమ్మ.

"అమ్మోరికి మేం కడతాం. చెయ్యి తియ్యి," అంది శివమ్మ.

"ఇవి రెండు చీరలమ్మా, జోడు," అన్నాడు శెట్టి సన్నగా.

"అయితే మాది ముందు కొయ్యి!" అని చౌడప్ప అరిచాడు. "యాడి మాట! మాది ముందు కొయ్యి!" అని ఓబన్న అరిచాడు. మగవాళ్ళంతా మళ్ళీ దగ్గరికి వచ్చారు. శెట్టి చెయ్యి అలవాటుగా పక్కకు పోయింది. కత్తెర లేదు. గేటు దగ్గర కుప్ప మీద ఉంది.

"కత్తెర ఇప్పించండి సామీ," అన్నాడు శెట్టి.

"పదునున్న వస్తువు ఏదీ లోపలికి రాదు," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"కత్తెర ఎందుకు, చేత్తో చించు!" అంది పెంచలమ్మ. "అవును, చించు!" అంది శివమ్మ. ఇద్దరూ తమ తమ కొసలు గట్టిగా లాగారు. నడుమ జానెడు నిలువుపోగులు చిటుక్కుమన్నాయి.

అంతే, రామాంజులు శెట్టికి భయం పోయింది. బాంబులు మరిచిపోయాడు, దొరను మరిచిపోయాడు.

"చించేదేంది! జోడు చీరల్ని చేత్తో చించుతారా? మగ్గం మీద కూర్చున్నోడి నడుము విరిగింటాది దీన్ని నేసేదానికి! ఇడవండి! ఈ చేతుల్తో చించితే మా తాత వచ్చి నన్ను చెప్పుతో కొడతాడు. కొయ్యను. చించను. కావల్లంటే ఇట్లే కట్టండి మీ అమ్మోరికి, రెండూ కలిపి! ఆ కొస మీరు పట్టుకోండి, ఈ కొస వాళ్ళు పట్టుకుంటారు. ముందుది ఏదో ఎనకది ఏదో నేసినోడికే తెల్దు, మీకేం తెలుస్తాది?"

అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. అప్పుడు తానెక్కడున్నాడో శెట్టికి మళ్ళీ గుర్తొచ్చింది.

శివమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "అంత పొడుగుది ఎట్ల కట్టేదప్పా? కుచ్చిళ్ళు ఎక్కువైతాయే."

"అమ్మోరేమన్నా నీళ్ళకు పోతాదామ్మా, కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడేదానికి?"

ముందు పెంచలమ్మ నవ్వింది. ఆపుకుందామనుకుంది గానీ కాలేదు. శివమ్మ కూడా నవ్వింది. ఆడవాళ్ళు నవ్వాక మగవాళ్ళకు కోపంగా నిలబడడం కష్టమైంది. "మాది ఎనకైతే లేదు గదా?" అని చౌడప్ప అడిగాడు. "ముందూ లేదు," అన్నాడు ఓబన్న. ఇద్దరికీ ఆ జవాబు నచ్చింది.

ఆ చీర కట్టడం చూడాల్సిందే. శివమ్మ ఒక వైపు నుంచి, పెంచలమ్మ ఇంకో వైపు నుంచి అమ్మవారి చుట్టూ తిరిగి కట్టారు. కట్టీ కట్టీ చివరకు ఇద్దరూ అమ్మవారి ఎదుట ముఖాముఖి తేలారు. వాళ్ళ చేతుల మధ్య ఆ నిలువుపోగులు మాత్రం మిగిలాయి. వాటిని అమ్మవారి నడుము దగ్గర పొందికగా సర్దారు. చీర ఖరీదు రెండిళ్ళూ చెరిసగం వేసుకున్నాయి. దొరసానికి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత ఆ ఊళ్ళో గొడవలే రాలేదని నేను చెప్పను. గట్ల దగ్గర, నీళ్ళ దగ్గర బాగానే వచ్చాయి. చీర దగ్గర మాత్రం రాలేదు.

శెట్టి ప్రొద్దుటూరు చేరేలోపల కబురు బస్సుల మీద ముందే చేరిపోయింది. అంగడి ముందు జనం. రామచంద్రయ్య మాస్టరు దండ వేసి ఉపన్యాసం ఇచ్చాడు. "పీ ఈ ఏ సీ ఈ అంటే శాంతి. పీ ఐ ఈ సీ ఈ అంటే ముక్క. పలుకు ఒకటే, రాత వేరు. మన శెట్టి ముక్క చేయకుండా శాంతి చేశాడు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ స్పెల్లింగు శెట్టి వినడం అదే మొదటిసారి. ఎవరికీ తెలియకుండా పెదవుల మధ్య రెండుసార్లు అనుకున్నాడు. అప్పుడు గురుప్రసాద్ తన అంగట్లోంచి స్వయంగా కుర్చీ మోసుకొచ్చి వేశాడు.

"కూర్చో అన్నా. ముందే అనుకునే జోడు చీరలు ఎత్తుకపోయినావా?"

శెట్టి కుర్చీలో కూర్చుని, అవుననీ కాదనీ కాకుండా తల ఊపాడు. ఇన్నేళ్ళ ఆశ తీరింది కదా, ఆ పూటకు ఆయన్ని ఏమీ అనొద్దు.

ఇంట్లో కామాక్షమ్మ ఆకు వేసింది. బేస్తవారం సాయంత్రం మాస్టరు వచ్చి "నీ భర్త ధైర్యవంతుడమ్మా, కొడవళ్ళ మధ్యకు శాంతి చెప్పడానికి పోయాడు," అని చెప్పినప్పటి నుంచి ఆమె గుక్కెడు నీళ్ళు కూడా సరిగా తాగలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. శెట్టి అన్నం కలుపుతుంటే ఎదురుగా కూర్చుంది.

"ఒగటి అడుగుతా, చెప్పు. శాంతి చెప్పేదానికి పోయేటోడివి కత్తెర ఎందుకు ఎత్తుకపోతివి?"

శెట్టి చెయ్యి ఆగిపోయింది. ఊరంతా నమ్మింది, మాస్టరు నమ్మాడు, గురుప్రసాద్ నమ్మాడు. ఈమె దగ్గర కుదరలేదు. "గుడ్డ కమిటీ అనుకుంటినే," అన్నాడు ఆకులోకి చూస్తూ.

కామాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకు తెలుసులే. నరుక్కునేటోళ్ళ నడుమకు తెలిసి తెలిసి పోయే మొగోడివా నువ్వు! యాడ తెలిసె నీకు?"

"జమ్మలమడుగులో."

"ఆడ బస్సు లేకపాయెనా, ఎనక్కొచ్చేదానికి?"

"ఉండె," అన్నాడు శెట్టి.

ఆమె మొగుడి ముఖం వైపు చూసింది. తర్వాత లేచి నేతిగిన్నె తెచ్చి, చాలు చాలంటున్నా వినకుండా అన్నం మీద వంపింది.

"వచ్చే ఏడు జాతరకు పోయేటప్పుడు," అంది, "కత్తెర నా కాడ పెట్టిపో."